బొంగావ్‌లో సెలైన్ అయిపోయిన రోజులు

1971 జూన్ ఆఖరు. పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బొంగావ్. తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగింది. అక్కడి చిన్న ఆసుపత్రిలో రెండు గదుల నిండా రోగులు నేల మీదే పడి ఉన్నారు. సెలైన్ ఎక్కించాలంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ విరేచనాల్లో, వాంతుల్లో మోకాళ్ల మీద కూర్చోవలసిందే.

గుంటలు పడ్డ కళ్లు, ముడతలు పడ్డ వేళ్లు, చేతికి అందని నాడి. కలరా ముదిరితే గంటకు లీటరు దాకా నీరు పోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, మూత్రం ఆగిపోతుంది. పోయిన నీటిని పోయినంత వేగంగా తిరిగి ఇవ్వాలి. ఇద్దామంటే సెలైన్ నిండుకుంటోంది.

మిగిలింది నోటి దారి. కలరా పేగును ఎంత పిండేసినా, గ్లూకోజ్‌ను పీల్చుకునే శక్తి దానికి పోదు. గ్లూకోజ్ సోడియంను వెంటబెట్టుకుని పేగు కణాల్లోకి వెళ్తుంది; వాటి వెనకే నీరూ వెళ్తుంది. గ్లూకోజ్, సోడియం ఇలా జంటగా వెళ్తాయని శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లోనే చెప్పాడు. ఢాకా, కలకత్తా వార్డుల్లో పరీక్షలూ జరిగాయి. కానీ శిక్షణ లేని చేతులతో, ఇంత జనంలో ఇది సాగుతుందని పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు.

మహలనబిస్ నమ్మారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. కలకత్తాలో పొట్లాలు కట్టించి తెప్పించి, డ్రముల్లో కలిపించారు. ఉన్న కాస్త సెలైన్ స్పృహ తప్పుతున్నవాళ్లకు. తక్కినవాళ్లకు తల్లులు, అన్నదమ్ములు, భర్తలు కప్పులతో తాగించారు. ఎంత తాగించాలో రోగి దాహమే చెప్పేది. నర్సింగ్ చదివే పిల్లలకు నేను మొదట చెప్పాలనుకునేది ఈ ఘట్టమే: ఆ రోజు పక్కన కూర్చున్న చుట్టాలే నర్సులు.

30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. గ్లూకోజ్, సోడియం జంటగా వెళ్తాయని కనిపెట్టడం ఇరవయ్యో శతాబ్దపు అతి ముఖ్య వైద్య పురోగతి కావచ్చని 1978లో 'లాన్సెట్' పత్రిక రాసింది. మన ప్రభుత్వం మహలనబిస్‌కు పద్మవిభూషణ్ ప్రకటించింది 2023లో, ఆయన పోయిన మరుసటి ఏడు. ఇంత ఆలస్యం నాకు మింగుడుపడదు.

ఆ మిశ్రమానికి నేటి రూపమే ఓఆర్ఎస్ పొట్లం. అందులో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములకు, ఉప్పు 2.6 గ్రాములకు తగ్గాయి, పొటాషియం చేరింది. లీటరు పొట్లమైతే మొత్తం లీటరు నీటిలోనే ఒకేసారి కలపాలి. వాంతి అయితే పది నిమిషాలాగి, మళ్లీ చెంచాతో మొదలుపెట్టాలి.