బందరు రేవు నుంచి గన్నవరం రన్‌వే దాకా

గన్నవరం విమానాశ్రయం బోర్డు మీద విజయవాడ పేరుంటుంది గానీ, ఆ నేల మా కృష్ణా జిల్లాది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లింది. గన్నవరం మాత్రం బందరు (మచిలీపట్నం) కలెక్టరేటు కిందే ఉండిపోయింది. పార్లమెంటు నియోజకవర్గం చూసినా అది మచిలీపట్నంలోదే. భూసేకరణ కాగితాలైనా, కాలువ గట్టు తగాదా అయినా చివరికి బందరు చేరాల్సిందే. గుడివాడలో పుట్టి పెరిగిన నాకు ఇది సబబుగానే తోస్తుంది. ఎందుకంటే దిగువ కృష్ణా డెల్టాకు లోకంతో రాకపోకలు సాగించే వాకిలి ఎప్పుడూ ఒకటి ఉంటూ వచ్చింది. ఒకప్పుడు అది బందరు రేవు, ఇప్పుడు గన్నవరం రన్‌వే. మొదటిది ఎలా బతికిందో, ఎలా చితికిపోయిందో తెలిస్తే రెండోదాన్ని ఎలా నడపాలో తెలుస్తుందని నా నమ్మకం.

గోల్కొండ నవాబుల కాలంలో బందరు తూర్పు తీరానికి తలమానికం. 1605 ప్రాంతంలో డచ్చివారు వచ్చి కోఠీ పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు దిగారు. వాళ్లందరినీ ఇంతదూరం రప్పించినవి మన అద్దకం బట్టలు. చుట్టుపక్కల ఊళ్ల సాలీలు నేసిన గుడ్డకు ఎర్ర రంగు వేయడానికి కృష్ణా తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరువేరు వాడేవారు. ఆ ఎరుపు ఎన్ని ఉతుకులైనా వదలదని పర్షియా దాకా పేరు. పెద్ద ఓడలు రేవు దాకా రాలేక దూరాన లంగరు వేస్తే, సరుకంతా చిన్న పడవల్లో చేరవేసింది మన పల్లెకారులు. అంటే రేవు గొప్పదనమంతా దాని వెనకున్న ఊళ్లది. చిరువేరు తవ్వినవాడు, మగ్గం మీద కూర్చున్నవాడు, పడవ నడిపినవాడు లేకపోతే బందరు మరో బురద తీరమే.

మరి ఆ రేవుకు పెద్ద ఎవరు? గోల్కొండ పాలనలో బందరు హవల్దారు పదవిని పాటకు పెట్టేవారు. ఎవరు ఎక్కువ సొమ్ము కడతానంటే వాళ్లకే ఏడాది పెత్తనం. కట్టిన సొమ్ము రాబట్టుకోవడానికి హవల్దారు వర్తకుల మీద, చేతిపనివారి మీద సుంకాలు దండుకునేవాడు. వచ్చే ఏడాది తాను ఆ కుర్చీలో ఉంటాడో లేడో తెలియనివాడికి రేవులో మేట వేసిన ఒండ్రు సంగతి ఏం పడుతుంది? 1630లలో ఆ పెత్తనం చేసినవారిలో మీర్ జుమ్లా ఒకడు. తర్వాత గోల్కొండ కొలువులోనూ, ఢిల్లీ కొలువులోనూ ఎంతో ఎత్తుకు ఎదిగాడు. బందరు అతనికి ఒక మెట్టు. కోట శిథిలాల పక్కన డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మధ్య నిలబడ్డప్పుడల్లా, ఇంతమంది ఏలిన రేవును తన ఊరనుకుని చూసుకున్నవాడు ఎందరుంటారా అనిపిస్తుంది.

దాని పతనం ఒక్కరోజులో జరగలేదు. రేవు పూడుతూ వచ్చింది. ఇంగ్లండు మర బట్ట వచ్చి అద్దకాన్ని దెబ్బతీసింది. 1864 నవంబరు 1న ఉప్పెన ఊరి మీద పడి ముప్పై వేలమంది దాకా పోయారు. 1908లో బెజవాడ నుంచి రైలు వచ్చేసరికే వర్తకం పలచబడింది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక పెద్ద ఓడలకు బందరుతో పనే లేకపోయింది. మంగినపూడి దగ్గర కొత్త పోర్టు పనులు 2023 మేలో మొదలయ్యాయి. అది పూర్తయి పాత వైభవం తిరిగి రావాలని కోరుకోని బందరువాడు ఉండడు.

ఇక గన్నవరం కథ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కోస్తా అంతా వణికిపోయిన ఆ యుద్ధకాలంలోనే గన్నవరం దగ్గర సైన్యం కోసం రన్‌వే వేశారు. చోటు తెలిసి ఎంచుకున్నదే. ఉత్తరాన మెట్ట, దక్షిణాన డెల్టా మాగాణి, పక్కనే మద్రాసు-కలకత్తా రోడ్డు. యుద్ధం ముగిశాక అది పౌర విమానాశ్రయమైంది గానీ చాలాకాలం మా ప్రాంతానికి దాని అవసరం అంతగా పడలేదు. మా ప్రయాణాలన్నీ బెజవాడ స్టేషనులోనో, గుడివాడ ప్లాట్‌ఫారం మీదో మొదలయ్యేవి.

ఆకాశమార్గం విలువ డెల్టాకు దివిసీమ ఉప్పెన నేర్పింది. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మీదికి వచ్చి పది వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. రోడ్లు తెగిపోయాయి, వంతెనలు కూలాయి, కాలువల్లో శవాలు తేలాయి. అవనిగడ్డ నాయకులు మండలి వెంకటకృష్ణారావు గారు ఆ రోజుల్లో పడ్డ శ్రమను దివిలో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. నేలదారి మూసుకుపోయిన పల్లెల మీద హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి. ఇవాళ బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. వేటకు వెళ్లే పడవకైనా, గన్నవరంలో దిగే విమానానికైనా తుపాను కబురు చెప్పే కన్ను అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడు సహాయక బృందాలను దింపుకోవడానికి పక్కనే ఒక రన్‌వే ఉండటం ఎంత ధైర్యమో అందరం చూశాం. డెల్టాలో విమానాశ్రయం ఉన్నవాళ్ల విలాసం అనేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు.

మామూలు జనం విమానం ఎక్కే రోజులు 2003 సెప్టెంబరులో మొదలయ్యాయి. ఎయిర్ డెక్కన్ హైదరాబాదు నుంచి సర్వీసు ప్రారంభించబోతే తొలి విమానమే ఇంజనులో మంటలు రేగి బేగంపేటలో ఆగిపోయింది. అందులో వెంకయ్య నాయుడు గారి వంటి నాయకులున్నారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు, సర్వీసు ఆ తర్వాత నిలదొక్కుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని కృష్ణా తీరానికి వచ్చాక గన్నవరం రూపు మారింది. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచారు, అదే ఏడాది అంతర్జాతీయ హోదా వచ్చింది. 2018-19లో ప్రయాణికులు 11 లక్షలు దాటారు. 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పెంచారు. 2018 డిసెంబరులో సింగపూరుకు నేరుగా విమానం మొదలైంది. ప్రభుత్వం ఇచ్చే లోటు భర్తీ ఆగగానే 2019లో అదీ ఆగింది. సబ్సిడీ ఊతంతో నడిచే సర్వీసు ఎంత సున్నితమో అప్పుడు తెలిసింది.

ఆ రన్‌వే పొడవు ఊరికే రాలేదు. కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి, అల్లాపురం, దావాజీగూడెం రైతులు సుమారు 700 ఎకరాలు ఇచ్చారు. చాలామంది ల్యాండ్ పూలింగ్ కింద, రాజధానిలో ప్లాట్లు వస్తాయన్న నమ్మకంతో, ఏటేటా కౌలు అందుతుందన్న మాట మీద సంతకాలు పెట్టారు. రాజధాని పనులు నిలిచిపోయిన ఏళ్లలో వాళ్లు పడ్డ ఆందోళన చిన్నది కాదు. బెజవాడ ఆనకట్ట కట్టిన కాలం నుంచి ఈ పొలాలకు ప్రాణమైన ఏలూరు కాలువను సైతం పక్కకు మళ్లించాల్సి వచ్చింది. డెల్టా రైతుకు భూమి ఇవ్వడం ఒక ఎత్తు, కాలువ దారి మార్చడానికి ఒప్పుకోవడం మరో ఎత్తు. మన టిక్కెట్టు మీద ఆ రైతుల పేర్లుండవు గానీ, విమానం చక్రం ఆనేది వాళ్ల చేల మీదే.

విమానాశ్రయం, ఊరు విడివిడిగా బతకలేవని చూడాలంటే దమ్ముల రోజుల్లో రండి. చేలో నీరు పెట్టి, దమ్ము చక్రాలు తగిలించిన ట్రాక్టరు తిరుగుతుంటే వెనకే తెల్ల కొంగలు వరసకట్టి దిగుతాయి. తిరగబడ్డ మట్టిలో పురుగుల్ని ఏరుకుంటూ, ట్రాక్టరు మలుపు తిరిగితే తామూ లేచి మళ్లీ వాలతాయి. రైతుకు అది శుభం. అదే కొంగల గుంపు రన్‌వే మీదికి మళ్లితే పైలటుకు ప్రాణసంకటం. గద్దలతో మరీ కష్టం. రోడ్డు పక్క కోళ్ల వ్యర్థాలు పోస్తే అవి అక్కడే గిరికీలు కొడతాయి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు చెత్త, జంతువుల కళేబరాలు ఆరుబయట వేయకూడదని నిబంధన ఉంది. ప్రహరీ లోపల పక్షుల్ని బాణసంచా కాల్చి తరమొచ్చు. ప్రహరీ బయట ఆ పని పంచాయతీ సర్పంచి, మాంసం దుకాణం యజమాని, రైతు చేతుల్లో ఉంటుంది. అలాగే ఎవరి మేడ ఎంత ఎత్తు కట్టాలి, ఏ తాటిచెట్టు కొట్టాలి, రన్‌వే మీద పడ్డ వాననీరు ఎవరి బోదెలోకి పోవాలి? ఇవన్నీ విమానాశ్రయం ప్రశ్నలే, ఊరి ప్రశ్నలే. హుకుంతో తేలేవి కావు, కూర్చుని మాట్లాడుకుంటేనే తేలతాయి.

ఇక రాకల గేటు దగ్గర చూస్తే డెల్టా అంతా అక్కడే కనిపిస్తుంది. గుడివాడ, పామర్రు, ఉయ్యూరు నుంచి అమెరికా పిల్లల కోసం వచ్చిన అమ్మానాన్నలు. గల్ఫ్ నుంచి వచ్చే ఇల్లాలి కోసం ఆటోలో వచ్చిన కుటుంబాలు. కొవిడ్ కాలంలో 2020 మే నుంచి వందే భారత్ విమానాలు మనవాళ్లను తెచ్చి దింపినప్పుడు ఆ గేటు ఎందరికి ఊరటనిచ్చిందో లెక్కలేదు. హైదరాబాదులో దిగి రాత్రంతా ప్రయాణం చేయాల్సిన పెద్దవాళ్లకు గంటలో ఇల్లు చేరడమంటే మాటలా!

అందుకే ఈ విమానాశ్రయానికి డైరెక్టరుగా వచ్చే అధికారులను నేను కోరేది ఒకటుంది. మీది బదిలీల ఉద్యోగం. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ దేశంలో ఎక్కడికైనా పంపుతుంది. అయినా ఇక్కడున్నంత కాలం ఈ ఊళ్లవారిగా ఉండండి. ఛార్జి తీసుకున్నాక మొదటి పలకరింపు భూములిచ్చిన గ్రామాలది కానివ్వండి. పార్లమెంటు సభ్యుల అధ్యక్షతన జరిగే సలహా సంఘం సమావేశాలు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు పంటకు ఒకసారైనా బుద్ధవరంలోనో కేసరపల్లిలోనో రచ్చబండ దగ్గర కూర్చోండి. నాట్లకు ముందే నీటి పారుదల, పక్షుల సంగతి తేల్చుకోండి. విమానాల వేళలకు గుడివాడ, బందరు, అవనిగడ్డ నుంచి బస్సులు నడిచేలా ఆర్టీసీతో మాట్లాడండి. సామాన్లు ఎత్తే పని నుంచి అగ్నిమాపక దళం దాకా, అర్హత ఉన్న స్థానిక యువతకు దారి చూపండి. భూములిచ్చినవారికి రావాల్సిన దాని గురించి కలెక్టరుకు మీరే గుర్తుచేయండి. అది మీ ఫైలు కాకపోవచ్చు, మీ పొరుగింటి కష్టం మాత్రం అవుతుంది.

మేమూ మా వంతు చేయాలి. కోళ్ల వ్యర్థాలు గట్టు మీద పోయకుండా ఉండటం, అనుమతి లేని అంతస్తు లేపకుండా ఉండటం, పతంగులు ఎక్కడ ఎగరేయాలో పిల్లలకు చెప్పడం పెద్ద పనులేం కావు. బందరు రేవును ఏడాది పాటలో పాడుకున్నవాళ్లు ఏలారు, దానికోసం చెమటోడ్చిన ఊళ్లను ఎవరూ అడగలేదు. గన్నవరంలో ఆ తప్పు జరగకుండా చూసుకునే అవకాశం మన తరానికి ఉంది. టెర్మినళ్లు కట్టడానికి డబ్బు చాలు. వాటిని వందేళ్లు నిలబెట్టడానికి మాత్రం లోపల కుర్చీలో ఉన్నవారు, బయట పొలంలో ఉన్నవారు ఒకరికొకరు పొరుగువారు కావాలి.