బండి మీద బండి



బండ్ల మీద ఓడలు, ఓడల మీద బండ్లు వస్తాయని మన పెద్దలు సామెత చెప్పారు. ఇప్పుడు బండి మీద బండి ఎక్కే కాలం కూడ వచ్చినది. మోటారు సైకిలును, పవర్ టిల్లరును చిన్న ట్రక్కులో ఎక్కించి ఊరు దాటించడం మన వైపు మామూలైపోయినది. అమెరికా వంటి దేశాలలో ఏటీవీ అనే నాలుగు చక్రాల పొలం బండిని కూడ ఇట్లాగే తీసికొనిపోతారు. ఈ అలవాటు ఎట్లా పుట్టినది, దానివల్ల మనిషి ఏమేమి నేర్చుకున్నాడు అన్నది ఈ పూట చెప్పుకుందాం. చరిత్ర అన్నానని రాజుల కథ అనుకోకండి. ఇది తాడు కథ, చెక్క కథ, చక్రం కథ.

బరువు కట్టే విద్య మనకు కొత్త కాదు. గడ్డి బండి కట్టిన రైతుకు రెండు సూత్రాలు తెలుసు. వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. కనుక బరువు ఇరుసుకు అటూ ఇటూ సరితూగవలె. రెండోది, మోకు వేసి బిగించనిదే బండి కదలకూడదు. ఎద్దుల బండి మెల్లగా నడుస్తుంది గనుక ఆ కట్టు సరిపోయినది. వేగం వచ్చేసరికి లెక్క మారిపోయినది.

అమెరికాలో ఫోర్డు కంపెనీ వారి మోడల్-టి కారు 1908లో వచ్చినది. అక్కడి రైతులు దాని వెనుక భాగం తీసివేసి చెక్కపెట్టె బిగించుకొని ధాన్యం, కోళ్ళు, పాల క్యానులు మోసుకొనేవారు. ఇది చూచి 1925లో ఆ కంపెనీయే వెనుక ఇనుప పెట్టె, దించుకొనే తలుపు ఉన్న బండిని తయారుచేసి 281 డాలర్లకు అమ్మినది. కంపెనీ తయారుచేసిన తొలి పికప్పులలో అది ఒకటి. రైతు చేసుకొన్న మార్పునే కంపెనీ అనుసరించినదన్న మాట.

ఆ పెట్టెలోకి మరొక బండి ఎక్కడం తరువాతి ముచ్చట. 1967లో హోండా వారు హ్యాండిలు మడిచి కారు డిక్కీలో పెట్టుకోగల చిన్న మోటారు సైకిలును తెచ్చారు. 1968లో యమహా డీటీ-1 వచ్చిన తరువాత అడవి బాటలలో, ఎడారులలో మోటారు సైకిలు నడిపే సరదా అమెరికాలో బాగా పెరిగినది. బండిని పికప్పులో వేసికొని అక్కడిదాకా పోవడం అలవాటైనది. చలికాలంలో మోటారు సైకిళ్ళ అమ్మకాలు పడిపోతున్నవి, వేరే ఏదైనా బండి ఇవ్వండి అని అక్కడి డీలర్లు అడిగితే, ఒసాము తకెయుచి అనే హోండా ఇంజనీరు బెలూను వంటి మూడు టైర్ల బండిని రూపొందించాడు. అది 1970లో మార్కెట్టుకు వచ్చినది. మంచులో, ఇసుకలో, బురదలో దిగబడకపోయేసరికి పశువులను తోలడానికి, కంచెలు చూచుకోవడానికి, మందు కొట్టడానికి రైతులు దానిని పట్టుకున్నారు.

అయితే మూడు చక్రాల బండి మలుపులో తిరగబడేది. ఎందరో, అందులో పిల్లలు కూడ, ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1982లో సుజుకి వారు నాలుగు చక్రాల బండిని తెచ్చారు. 1988లో ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం కంపెనీలు అమెరికాలో మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపివేశాయి.

ఇంతలో తాడు కూడ మారినది. జనుము తాడు తడిస్తే బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. 1935లో కనిపెట్టిన నైలాను బలమైనదే గాని బాగా సాగుతుంది. 1941లో ఇంగ్లండులో కనిపెట్టిన పాలియెస్టరు అంతగా సాగదు. అందుకే నేడు సరకు కట్టే పట్టీలు ఎక్కువగా పాలియెస్టరుతో నేస్తున్నారు.

ఇక అసలు సంగతికి వద్దాం. మన దగ్గర 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత చిన్న ట్రక్కులు పల్లెపల్లెకూ చేరినవి. వాటిలో మోటారు సైకిలును పక్క స్టాండు మీద నిలబెట్టి, "ఒరే, నువ్వు ఎక్కి పట్టుకోరా" అని ఒక కుర్రవాడిని ఎక్కించడం తరచు చూస్తుంటాము. ఇది ఎంత ప్రమాదమో లెక్క వేద్దాం. 2002లో అమెరికా ప్రభుత్వం సరకు రవాణా వాహనాలకు చేసిన నిబంధనల ప్రకారం, గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోసినా కట్టు ఆగవలె. అంటే 150 కిలోల మోటారు సైకిలు 120 కిలోల బలంతో తోస్తుంది. ఏ కుర్రవాడు ఆపగలడు? బండితో పాటు వాడూ పడతాడు, బండి వాడి మీదే పడుతుంది. కనుక పట్టుకొనేది పట్టీయే గాని మనిషి కాదు.

ఎక్కించేటప్పుడు ట్రక్కును గట్టుకు ఆనించి వెనుకకు పెడితే వాలు తగ్గుతుంది. చెక్క వేస్తే దానిని ట్రక్కుకు గొలుసుతో కట్టవలె. చక్రం తిరిగేటప్పుడు చెక్కను వెనుకకు తన్నుతుంది. కట్టని చెక్క జారిందంటే బండి మన మీదికి వస్తుంది.

మోటారు సైకిలు ముందు చక్రాన్ని ట్రక్కు ముందు గోడకు ఆనించి, పక్క స్టాండు తీసి, నిలువుగా నిలిపి, గేరులో ఉంచండి. హ్యాండిలు కింది భాగం నుండి రెండు పట్టీలను చెరొక ముందు మూలకు లాగండి. ముందు స్ప్రింగులు సగం దిగేదాకా బిగించండి. తక్కువ బిగిస్తే గుంతలో స్ప్రింగు దిగినప్పుడు కొక్కెం ఊడిపోతుంది, మరీ బిగిస్తే ఫోర్కు సీళ్ళు పాడవుతాయి. వెనుక కూడ రెండు పట్టీలు వేయండి. పవర్ టిల్లరు వంటి బరువైన యంత్రాన్ని మరీ వెనుకకు ఉంచరాదు. అట్లా ఉంచితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. గడ్డి బండి సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

బయలుదేరిన తరువాత తొలి 50 మైళ్ళలోపు ఆగి కట్టు చూడవలెనని అమెరికా నిబంధన. మన గుంతల రోడ్లకు అయిదారు కిలోమీటర్లకే ఒకసారి ఆగి చూడడం మంచిది. పట్టీ కొనడానికి అయ్యే ఖర్చు ఆసుపత్రి గడప తొక్కితే అయ్యే ఖర్చులో ఏ మూలకూ రాదు. ఈసారి ఎవరైనా కుర్రవాడు పట్టుకోవడానికి ట్రక్కు ఎక్కబోతుంటే, వాడిని దించి ముందు సీటులో కూర్చోబెట్టండి.