‘సెటిల్’: ఒక ఆంగ్ల క్రియ, దాని చారిత్రక అర్థాలు

ఈ విభాగంలో మీరు చదివే రెవెన్యూ పత్రాల్లో ‘సెటిల్‌మెంట్’ అనే మాట తరచుగా ఎదురవుతుంది. ప్రతిచోటా దానికి ‘పరిష్కారం’ అని ఒకే అర్థం చెప్పుకుంటే పొరబడతాం. ‘సెటిల్’ అనే క్రియ, దాని నుంచి వచ్చిన మాటలు మన ప్రాంతాల చరిత్రలో ఏయే అర్థాల్లో వాడుకలోకి వచ్చాయో ఇక్కడ పరిశీలిద్దాం.

మూలార్థం

ప్రాచీన ఆంగ్లంలో ‘సెట్ల్’ అంటే ఆసనం. కూర్చోవడాన్ని తెలిపే ‘సిట్’, ఉంచడాన్ని తెలిపే ‘సెట్’ దీని బంధువులే. తెలుగులో మనకు ‘కుదురు’, ‘కుదుర్చు’ అని రెండు క్రియలున్నాయి. మొదటిది తనంతట తాను చేసే పని, రెండవది మరొకరి చేత జరిగే పని. ఆంగ్లంలో ఈ రెండింటికీ ‘సెటిల్’ ఒక్కటే రూపం. ఈ తేడాను గుర్తుంచుకుంటే తక్కిన చర్చ సులభమవుతుంది.

ఇంగ్లండులో 1662 నాటి చట్టం ప్రకారం ప్రతి పేదవాడికీ ఏదో ఒక పారిష్‌లో ‘సెటిల్‌మెంట్’, అంటే సహాయం పొందే హక్కు, ఉండాలి. కొత్త ఊరికి వచ్చినవాడు అక్కడివారికి భారమవుతాడనిపిస్తే 40 రోజుల్లోగా అతణ్ణి సొంత పారిష్‌కు పంపించవచ్చు. అంటే ఒకచోట హక్కునిచ్చిన మాటే మరోచోటి నుంచి వెళ్లగొట్టడానికీ ఆధారమైంది.

భూమిశిస్తులో సెటిల్‌మెంట్

1793లో కారన్‌వాలిస్ బెంగాల్‌లో ‘పర్మనెంట్ సెటిల్‌మెంట్’ ప్రవేశపెట్టాడు. 1802 తరువాత అది ఉత్తర సర్కారులకు విస్తరించింది. ఇక్కడ శాశ్వతంగా కుదిరింది ఏమిటి? జమీందారు కంపెనీకి చెల్లించవలసిన పేష్కష్ మాత్రమే. జమీందారుకు రైతు ఇచ్చే శిస్తు అలా స్థిరపడలేదు. జమీందారు స్థానమూ శాశ్వతం కాలేదు. 1832-33 నాటి డొక్కల కరువు తరువాత గుంటూరు ప్రాంతంలోని పెద్ద జమీందారీలు బకాయిలు పడి ప్రభుత్వపరమయ్యాయి.

1800లో నిజాం నుంచి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాల్లో థామస్ మన్రో రైతువారీ విధానాన్ని అమలు చేశాడు. ఇక్కడ సెటిల్‌మెంట్ రైతుతోనే నేరుగా జరిగింది. భూమిని కొలిచి, నేల రకాన్నిబట్టి శిస్తు నిర్ణయించారు. తరువాతి కాలంలో దాదాపు 30 ఏళ్లకొకసారి ఈ రేట్లను సవరించేవారు. దానికి ‘రీసెటిల్‌మెంట్’ అని పేరు. పేరులో కుదురు ఉన్నా రైతుకు అది తరచు శిస్తు పెంపుగానే అనుభవమయ్యేది.

మనుషులను కుదిర్చిన సెటిల్‌మెంట్

1911 నాటి నేరస్థ తెగల చట్టం ఈ మాటకు మరో అర్థం తెచ్చింది. సంచార జీవనం గడిపే కొన్ని సమూహాలను ఒకచోట ఉంచి, నిఘా పెట్టే స్థలాలను ‘సెటిల్‌మెంట్లు’ అన్నారు. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టూవర్టుపురం అలాంటిదే. అక్కడి ఎరుకలవారు హాజరు చెప్పుకోవాలి, బయటికి వెళ్లాలంటే అనుమతి పొందాలి. వారు కుదురుకోలేదు, వారిని కుదిర్చారు. 1952లో చట్టం దేశమంతటా రద్దయినా ఆ ముద్ర వారిని చాలాకాలం వదలలేదు.

నేటి వాడుక

నిజాంసాగర్ ఆయకట్టులో భూములు కొని స్థిరపడిన కోస్తా రైతులను ‘సెటిలర్లు’ అన్నారు. తరాలు గడిచినా, వచ్చినవారు అనే గుర్తు ఆ మాటలో మిగిలిపోయింది. ఇక ‘రీసెటిల్‌మెంట్’ అనే పాత రెవెన్యూ మాట 2013 భూసేకరణ చట్టంలో నిర్వాసితులకు పునరావాసం కల్పించడం అనే అర్థంలో కనిపిస్తుంది. పిల్లలు ‘సెటిలయ్యారు’ అని మనం సంతోషంగా అంటాం. భూతగాదాల్లో బలవంతులు చేసే ‘సెటిల్‌మెంట్’ అంటే భయపడతాం. ఒకటి కుదురుకోవడం, మరొకటి కుదర్చడం.

సారాంశం

కాబట్టి ఏ పత్రంలోనైనా ఈ మాట ఎదురైతే మూడు ప్రశ్నలు వేసుకోండి. కుదిర్చింది ఎవరు? దేనిని, లేదా ఎవరిని కుదిర్చారు? కాదనే వీలు రెండో పక్షానికి ఉందా? పాలకుల పత్రంలో ‘సెటిలయింది’ అని రాసి ఉన్నంత మాత్రాన పాలితుల జీవితంలో కుదురు ఏర్పడిందని అర్థం కాదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ‘పర్మనెంట్ సెటిల్‌మెంట్’లో ఏది శాశ్వతం, ఏది కాదు?
2. రెవెన్యూ పత్రాల్లోని ‘రీసెటిల్‌మెంట్’కు, 2013 చట్టంలోని ‘రీసెటిల్‌మెంట్’కు తేడా రాయండి.
3. మీ ప్రాంతంలో ‘సెటిల్’ అనే మాట ఏయే అర్థాల్లో వినిపిస్తుంది? ఒక్కొక్క వాడుకకు పై మూడు ప్రశ్నలు వర్తింపజేయండి.