మూసీకి ఉత్తరాన: ఆబిడ్స్, నాంపల్లి ఆరాధనాలయాల సందర్శన

హైదరాబాదులో చారిత్రక కట్టడాలను చూపించే మార్గదర్శక నడకలు, అనగా స్థలచరిత్ర తెలిసిన వ్యక్తి వెంట ఉండి ఒక్కొక్క కట్టడాన్ని వివరిస్తూ సాగించే సందర్శనలు, చాలావరకు చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా పరిసరాలలోనే తిరుగుతుంటాయి. 1591లో కుతుబ్‌షాహీలు మూసీ దక్షిణ తీరాన నిర్మించిన నగరానికి ఆ ప్రాధాన్యం దక్కడం న్యాయమే. అయితే నదికి ఉత్తరాన ఆబిడ్స్, నాంపల్లి పేటలలో కాలినడకన తిరగగలిగినంత దూరంలోనే ఒక సూఫీ దర్గా, ఒక కేథలిక్ కేథడ్రల్, నగరంలోని తొలి ఆంగ్లికన్ చర్చి, ఒక పార్సీ అగ్ని ఆలయం, పాలరాతి వేంకటేశ్వరాలయం, బౌద్ధ జైన శిల్పాలకు నిలయమైన మ్యూజియం ఉన్నాయని గుర్తించి, వాటన్నిటినీ ఒకే వరుసలో చూపించే ప్రయత్నం మాత్రం తగినంతగా జరగలేదు. దుకాణాల రద్దీకీ, రైల్వే స్టేషనుకూ పేరుపడిన పేటలు కావడం వల్ల ఇక్కడి ఆరాధనాలయాలు రోజూ వాటి ముందునుంచే నడిచే స్థానికుల దృష్టికి సైతం ఆనకుండా పోతున్నాయి.

ఈ పేటల మతకళను అర్థం చేసుకోవడానికి ముందుగా గుర్తించవలసిన విషయం ఒకటుంది. పాత నగరంలోని మసీదులు, ఆషూర్‌ఖానాలు (మొహర్రం సంతాప మందిరాలు) అక్కడ రాజ్యమేలిన వంశం తన రాజధాని కోసం కట్టించుకున్నవి కాగా, నగర ప్రాకారానికి అవతలి ఈ ఉత్తర భాగంలోని కట్టడాలలో ఎక్కువ భాగం దూరప్రాంతాలనుంచి వచ్చి స్థిరపడినవారు తమ వెంట తెచ్చుకున్న విశ్వాసానికి కల్పించుకున్న గూళ్లు. ఫ్రెంచి సేనాని మిషెల్ రేమాన్ 1786లో ఫిరంగులు పోతపోసే కర్మాగారాన్ని నెలకొల్పిన చోటు గన్‌ఫౌండ్రీ అయింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ నడిపిన దుకాణం వల్ల ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. వీధి పేర్లే పరదేశీయులవైన ఈ పేటలలో దేవుళ్లూ దూరంనుంచే వచ్చారు, చాలా సందర్భాలలో ప్రతిరూపాలుగా వచ్చారు. మూలం మరొకచోట ఉన్న శిల్పాన్ని, చిత్రాన్ని, మూర్తిని ఇక్కడ మళ్లీ చేసుకొని భక్తితో నిలుపుకోవడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. ‘ఇది అసలుది కాదు’ అని సంకోచపడుతూ చూపించే మార్గదర్శి ఈ చరిత్రలోని సారాన్నే వదిలిపెట్టినవాడవుతాడు.

గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్ కేథడ్రల్ ఇందుకు మొదటి ఉదాహరణ. కేథడ్రల్ అంటే ఒక మేత్రాసనానికి, అనగా బిషప్ పాలనలోని ప్రాంతానికి, పీఠంగా ఉండే చర్చి. ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన మిషనరీల బృందం హైదరాబాదు రాజ్యంలో పనిచేస్తున్న కాలంలో, 1869లో, ఫాదర్ ఆంథొనీ తాలియాబువే ఇక్కడ స్థలం కొన్నాడు. 1870 మార్చి 18న పునాదిరాయి పడింది, 1875 క్రిస్మస్ ముందునాటి రాత్రి తొలి దివ్యపూజాబలి జరిగింది. 1886లో హైదరాబాదు మేత్రాసనం ఏర్పడడంతో ఈ చర్చికి కేథడ్రల్ హోదా లభించింది. ముఖభాగానికి రెండు వైపులా నిలిచిన గంటగోపురాలు ఆ తరువాతి దశలో పూర్తయ్యాయి, వాటికోసం ఇటలీనుంచి తెప్పించిన అయిదు గంటలు 1892లో మొదటిసారి మోగాయి. ముఖభాగం మధ్యలో ద్వారం, దానికి ఇరువైపులా సమానమైన ఎత్తున గోపురాలు, లోపలికి అడుగుపెట్టగానే చూపును నేరుగా బలిపీఠం వైపు నడిపించే పొడవైన మధ్యశాల ఈ తరహా నిర్మాణానికి ముఖ్య లక్షణాలు. మన దేవాలయాలలో గర్భగుడి చిన్నదై చీకటిగా ఉండగా, ఇక్కడ ఆరాధన సమూహంగా, వెలుతురులో, ఒకే దిశకు ముఖం చేసి జరుగుతుంది కాబట్టి శాల పొడవుకూ ఎత్తుకూ అంత ప్రాముఖ్యం ఉంది.

ఈ కేథడ్రల్‌లో సందర్శకులు ఎక్కువసేపు నిలబడేది పియెతా ప్రతిమ ముందు. సిలువనుంచి దించిన క్రీస్తు దేహాన్ని ఒడిలో ఉంచుకొని కూర్చున్న మరియమాత రూపాన్ని పియెతా అంటారు. మైకెలాంజెలో 15వ శతాబ్దం చివరి సంవత్సరాలలో చెక్కిన మూలశిల్పం రోమ్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలో ఉంది. అక్కడ అది ప్రపంచ ప్రఖ్యాత కళాఖండం, చూడవచ్చేవారు అద్దం అవతలనుంచి చూడవలసిన వస్తువు. ఇక్కడ దాని ప్రతిరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి కష్టం చెప్పుకొనే తల్లులకు మైకెలాంజెలో పేరుతో పనిలేదు. ఒక శిల్పం ఏ ప్రయోజనం కోసం పుట్టిందో ఆ ప్రయోజనం నెరవేరుతున్న తావు ఇదే అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

కేథడ్రల్‌నుంచి ఆబిడ్స్ వైపు వచ్చినప్పుడు కనిపించే సెయింట్ జార్జ్ చర్చి అంతకంటే పాతది. దీని నిర్మాణకాలాన్ని 1844గా చెబుతారు. దీనితో అనుబంధమున్న సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు ఇంకా ముందు, 1834లోనే మొదలైంది. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ, అనగా నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి నివాసం, దగ్గరలోనే ఉండడం వల్ల ఆ పరివారానికి ప్రార్థనాలయం అవసరమైంది. ఇప్పుడు ఇది దక్షిణ ఇండియా సంఘానికి చెందినది. కేథడ్రల్‌లోని చిత్రాలు, ప్రతిమల సమృద్ధితో పోల్చినప్పుడు ఈ చర్చి నిరాడంబరంగా కనిపిస్తుంది. క్రైస్తవంలోని రెండు శాఖలకు ప్రతిమల విషయంలో ఉన్న దృష్టిభేదాన్ని పుస్తకం తెరవకుండానే గ్రహించడానికి ఈ రెండు చర్చీలను ఒకే ఉదయం చూడడం చాలు.

ఆబిడ్స్‌ తిలక్ రోడ్డులో బాయి మాణెక్‌బాయి నస్సర్వాంజీ చెనాయ్ పేరిట 1904లో వెలసిన పార్సీ అగ్ని ఆలయం ఉంది. దీనిని పార్సీలు దర్-ఎ-మెహెర్ అనీ, వాడుకలో అగియారీ అనీ అంటారు. జరతుష్ట్ర మతంలో అగ్ని దైవ సాన్నిధ్యానికి చిహ్నం. శాస్త్రోక్తంగా ప్రతిష్ఠించిన ఆ అగ్నిని ఆరిపోకుండా కాపాడడం పురోహితుల నిత్యవిధి. పార్సీయేతరులకు ఆలయ ప్రవేశం లేదు కనుక ఏ మార్గదర్శి అయినా సందర్శకులను గేటు బయటనే నిలిపి మాట్లాడవలసి ఉంటుంది, అక్కడ నిలబడి మాట్లాడడం తప్పక చేయవలసిన పని. పందొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో నిజాం రాజ్యానికి అప్పులిచ్చిన విక్కాజీ మెహర్జీ, పెస్తన్‌జీ మెహర్జీ సోదరులనుంచి ఆ తరువాతి కాలపు ఉన్నతాధికారి ఫరీదూన్ ముల్క్ వరకు ఈ చిన్న సమాజం హైదరాబాదు ఆర్థిక, పాలనా రంగాలలో నిర్వహించిన పాత్ర చిన్నది కాదు. చూడడానికి వీలులేని కళను గౌరవించడం కూడా సందర్శకులకు తెలియవలసిన మర్యాదలలో ఒకటి.

సందర్శనలో ఎక్కువ సమయం కేటాయించవలసిన స్థలం నాంపల్లిలోని బాగె ఆం, అనగా పబ్లిక్ గార్డెన్స్. ఇందులోని రాష్ట్ర పురావస్తు మ్యూజియాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1930లో ప్రారంభించారు. పటాన్‌చెరు ప్రాంతంనుంచి వచ్చిన జైన తీర్థంకర మూర్తులు, చోళుల కాలపు కంచు విగ్రహాలు, కాకతీయుల నల్లరాతి శిల్పాలు ఇక్కడ ఉన్నాయి. చేతులు దేహానికి ఇరువైపులా వదిలి నిశ్చలంగా నిలబడిన తీర్థంకరుల భంగిమను కాయోత్సర్గం అంటారు, దేహంపై మమకారాన్ని విడిచిపెట్టడం దాని అర్థం. నాగార్జునసాగర్ జలాలలో మునిగిపోయిన ఏలేశ్వరంలో, అది మునగకముందే, మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలలో దొరికిన వస్తువులకు ప్రత్యేక మందిరం ఉంది. ఊరు నీటి అడుగున ఉండగా ఆ ఊరి ప్రాచీన ఆనవాళ్లు నాంపల్లిలో మిగిలాయన్న సంగతి కృష్ణా తీరంనుంచి వచ్చే సందర్శకులను కదిలిస్తుంది.

ఆ మ్యూజియంలోని అజంతా విభాగాన్ని ఈ పేటల కళాసంపదలో శిఖరంగా పరిగణించాలి. అజంతా గుహలున్న ఔరంగాబాదు ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. గుహల గోడలపై మట్టి, ఊక మొదలైనవి కలిపి పూతపూసి, దానిపై సున్నపు పొర వేసి, ఆరిన తరువాత జిగురు కలిపిన రంగులతో బుద్ధుని పూర్వజన్మ వృత్తాంతాలైన జాతక కథలను చిత్రించారు. తడి సున్నంపై చిత్రించే ఇటలీ పద్ధతికి ఇది భిన్నమైనది, తేమకూ పురుగుకూ త్వరగా లోనవుతుంది. ఆ చిత్రాలు నశించకముందే నకళ్లు తీయాలన్న ప్రయత్నాలకు దురదృష్టం వెంటాడింది. సైనికాధికారి రాబర్ట్ గిల్ 1844 తరువాత ఏళ్ల తరబడి శ్రమించి వేసిన ప్రతులలో చాలాభాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆ పిమ్మట బొంబాయి చిత్రకళాశాల విద్యార్థులతో జాన్ గ్రిఫిత్స్ వేయించిన ప్రతులలోనూ అనేకం 1885లో లండన్‌లోనే మరో ప్రమాదంలో బూడిదయ్యాయి.

1909 నుంచి 1911 వరకు ఇంగ్లీషు చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ మరొకసారి ఆ పనికి పూనుకున్నప్పుడు, బెంగాలునుంచి వచ్చిన నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ వంటివారితోపాటు హైదరాబాదు చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ కూడా ఆ బృందంలో పనిచేశాడు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులామ్ యజ్దానీని దాని అధిపతిగా నియమించడం, 1920 దశకం తొలి ఏళ్లలో చెక్కోనీ, ఓర్సినీ అనే ఇటలీ నిపుణులను రప్పించి ఊడిపోతున్న పూతను గోడకు పట్టి నిలిచేటట్లు చేయించడం ఆ తరువాతి ఘట్టాలు. అజంతా సంరక్షణలో జీవితంలో అధికభాగం గడిపిన సయ్యద్ అహ్మద్ వేసిన ప్రతులు నేడు నాంపల్లిలో ఉన్నాయి. చిత్రాల రక్షణకని పూసిన లక్కపూత కాలక్రమంలో పసుపెక్కి, నల్లబడి, గుహలలోని మూలచిత్రాల రంగులను మసకబార్చింది. అందువల్ల పూర్వపు ప్రతులు ఇప్పుడు అనుకరణలు మాత్రమే కావు, ఒక కాలంలో ఆ గోడలు ఎలా కనిపించాయో చెప్పే సాక్ష్యాలు కూడా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అజంతా హైదరాబాదుకు దూరమైంది, ప్రతులు మాత్రం బాగె ఆంలో మిగిలిపోయాయి. ఒక ముస్లిం చిత్రకారుడు ఒక ముస్లిం రాజు జీతంపై బోధిసత్త్వుల ముఖాలను సంవత్సరాల తరబడి ఓపికగా గీశాడన్న విషయాన్ని ఈ నగరంలో పెరిగే ప్రతి విద్యార్థి తెలుసుకొని తీరాలి.

పబ్లిక్ గార్డెన్స్‌కు ఎదురుగా లేచిన కొండ నౌబత్ పహాడ్. రాజాజ్ఞలను నగారా మోగించి చాటిన చోటు కాబట్టి దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. దానిపై రాజస్థాన్ పాలరాయితో, సుమారు 2000 టన్నులు వాడి, బిర్లా కుటుంబం నిర్మించిన వేంకటేశ్వరాలయాన్ని 1976లో రామకృష్ణ మఠానికి చెందిన స్వామి రంగనాథానంద ప్రారంభించారు. రాజగోపురం దక్షిణాది రీతిలోనూ, విమానం, అనగా గర్భగుడిపై లేచే శిఖరం, ఒడిశా రీతిలోనూ ఉండడం వల్ల రెండు నిర్మాణ సంప్రదాయాల మధ్య తేడాను ఒకే చోట నిలబడి వివరించే అవకాశం ఇక్కడ కలుగుతుంది. దక్షిణాది గోపురం అంతస్తులుగా మెట్టుమెట్టుకు సన్నబడుతుంది. ఒడిశా శిఖరం నిలువు పట్టెలతో పైకి సాగి చివర వంపు తిరుగుతుంది. ధ్యానానికి భంగం కలగరాదని ఈ ఆలయంలో గంటలు పెట్టలేదు. తిరుమలేశుని పోలిన మూర్తికి అటు పద్మావతి, ఇటు ఆండాళ్ సన్నిధులున్నాయి. శిల్పశాస్త్ర నియమాల దృష్టితో ఈ మిశ్రమశైలిని తప్పుపట్టేవారున్నారు గానీ, ఇంతమంది ఇన్ని దిక్కులనుంచి వచ్చి చేరిన పేటకు ఆ మిశ్రమమే తగినది.

నాంపల్లి దర్గాను, కాలక్రమంలో అన్నిటికంటే పాతదైనప్పటికీ, సందర్శన చివరకు ఉంచడం మంచిది. హజ్రత్ యూసుఫుద్దీన్, హజ్రత్ షరీఫుద్దీన్ అనే ఇద్దరు మిత్రులు ఢిల్లీలోని చిష్తీ సంప్రదాయపు సూఫీ గురువు షా కలీముల్లా శిష్యులు. 1687లో ముగిసిన గోల్కొండ ముట్టడి కాలంలో ఔరంగజేబు సైన్యంతో దక్కనుకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. గాలివానకు శిబిరంలోని దీపాలన్నీ ఆరిపోయిన రాత్రి వీరిద్దరి గుడారంలో మాత్రం దీపం వెలుగుతూ ఉండగా చక్రవర్తి చూశాడన్న కథ తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. సైన్యం దక్కనును జయించడానికి వచ్చింది, ఆ సైన్యంలోని ఇద్దరు సిపాయిల సమాధులకు అన్ని మతాలవారూ పూలు తెచ్చి మొక్కుతున్నారు. ఇదే ఆవరణలో ఉర్దూ కవులు అమీర్ మీనాయీ, దాగ్ దెహ్లవీ సమాధులున్నాయి. ఇద్దరూ ఉత్తరాదినుంచి వచ్చి, మొదటివారు 1900లో, రెండవవారు 1905లో హైదరాబాదులోనే కన్నుమూశారు.

చిష్తీ సంప్రదాయంలో సమా, అనగా భక్తిగీతాల శ్రవణం, ఆరాధనలో భాగం కావడంతో గురువారం సాయంత్రాలు ఇక్కడ కవ్వాలీ జరుగుతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆదివారం చర్చీలలో ప్రార్థనలు సాగుతుండగా మార్గదర్శి మాటలు తగవు, బిర్లా మందిరం మధ్యాహ్నం కొంతసేపు మూసి ఉంటుంది. వీటన్నిటినీ దృష్టిలో ఉంచుకుంటే గురువారం ఉదయం కేథడ్రల్‌తో మొదలుపెట్టి, ఎండ వేళను మ్యూజియంలో గడిపి, పొద్దు వాలాక కొండ ఎక్కి దిగి, తలపై రుమాలు కప్పుకొని దర్గాలో అడుగుపెట్టే క్రమం అన్నివిధాలా అనుకూలమైనది.