ఫుల్కో దీ వెర్దురా: నగలు చేసిన డ్యూక్

ఇటలీలోని సిసిలీ దీవి, పలెర్మోలో పుట్టిన ఫుల్కో దీ వెర్దురా బిరుదుకు డ్యూక్, మన లెక్కలో నవాబు. చేతిలో డబ్బు మాత్రం నిలవలేదు. పారిస్‌లో కోకో షనెల్ దగ్గర బట్టల డిజైన్లు గీసే పనికి చేరారు. తర్వాత ఆమె నగలు అప్పగిస్తే, తెల్ల ఎనామిల్ కడియాలపై మాల్టా శిలువ ఆకారంలో రంగురాళ్లు పొదిగారు. పేరు తెచ్చింది అవే.

1934లో అమెరికా వెళ్లారు. 1939 సెప్టెంబర్ 1న, యూరప్‌లో యుద్ధం మొదలైన రోజే, న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో సొంత షాపు తెరిచారు. పెట్టుబడి పెట్టింది స్నేహితులు: పాటల రచయిత కోల్ పోర్టర్, సంపన్నుడు విన్సెంట్ ఆస్టర్. పెద్ద ఒంటిరాయి నగలంటే వెర్దురాకు చులకన. మామూలు సముద్రపు గవ్వకు బంగారం, వజ్రాలు కూర్చి అమ్మేవారు. అక్కడ ధర రాయి బరువుది కాదు, పనితనానిది.

1973లో వ్యాపారం అమ్మేశారు. 1978లో లండన్‌లో చనిపోయారు. ఆయన పేరుతో షాపు నేటికీ న్యూయార్క్‌లో నడుస్తోంది.