చక్రము చుట్టుకొలత – పూర్వుల లెక్క

ఒకప్పుడు మన పల్లెలలో బండిచక్రమునకు ఇనుపపట్టా వేయుట చూడనివారుండెడివారు కారు. కమ్మరి పట్టాను చక్రముకంటె కొంచెము చిన్నదిగా అతికి, నిప్పులలో ఎఱ్ఱగా కాల్చి, చక్రముపై దిగగొట్టి నీళ్లు పోయును. చల్లారిన పట్టా బిగిసి చక్రమును గట్టిగా పట్టుకొనును. అయిదడుగుల చక్రమునకు కాల్చిన ఇనుము సాగునది ఒకటి రెండు అంగుళములు మాత్రమే. కనుక పట్టా పొడవు ముందుగా తెలియవలెను. చక్రము అడ్డుకొలతకు, చుట్టుకొలతకు గల సంబంధ మేమి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటలో మానవుడు వేల యేండ్లు గడపెను.

వృత్తము మధ్యబిందువునుండి అంచువఱకు గల దూరము వ్యాసార్ధము, దానికి రెట్టింపు వ్యాసము, చుట్టుకొలత పరిధి. వృత్తము గాజంతదైనను, చెఱువంతదైనను, పరిధిని వ్యాసముచే భాగించిన ఒకే సంఖ్య వచ్చును. ఆ సంఖ్య యెంత?

మూడని ప్రాచీనులు పెక్కుమంది వాడిరి. 9వ శతాబ్దమున అమోఘవర్షుని యేలుబడిలో నుండిన మహావీరాచార్యుడు సామాన్య వ్యవహారమునకు మూడును, సూక్ష్మగణనకు పదియొక్క వర్గమూలమును చెప్పెను. ఈయన గణితసారసంగ్రహమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చి, మన భాషకు గణితగ్రంథమును ప్రసాదించెను.

ఇప్పుడు అయిదడుగుల చక్రమును లెక్కింతము. మూడు రెట్ల లెక్కన పట్టా 15 అడుగులు. నిజమైన పరిధి 15.708 అడుగులు. పట్టా ఎనిమిదిన్నర అంగుళములు తక్కువ! ఎంత కాల్చినను అది చక్రమున కెక్కదు. పదియొక్క వర్గమూలముచే లెక్కించిన అంగుళముంబావు ఎక్కువై, పట్టా వదులగును. 22/7 అను భిన్నముతో లెక్కించిన తేడా అంగుళములో పదుమూడవ వంతు. పనివానికి అది తేడాయే కాదు.

ఈ 22/7 గ్రీకు పండితుడైన ఆర్కిమిడీసు క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున సాధించినది. వృత్తమునకు లోపలను, వెలుపలను 96 భుజముల బహుభుజులను కల్పించి, నిజసంఖ్య 223/71 కంటె ఎక్కువ, 22/7 కంటె తక్కువ యని ఆయన నిరూపించెను. అనగా మనము బడిలో నేర్చిన 22/7 అసలు విలువ కాదు, దానికి పైహద్దు మాత్రమే!

క్రీ.శ. 499లో మన ఆర్యభటుడు 20,000 వ్యాసము గల వృత్తమునకు పరిధి 62,832 అని చెప్పెను. భాగించిన 3.1416 వచ్చును. అంతకంటె మెచ్చదగినది, దీనిని ఆయన ‘ఆసన్న’ మనుట. ఆసన్నమనగా దగ్గఱిది, అదే అయినది కాదు. తన లెక్కకు గల హద్దును తానే చెప్పుట పండితుని నిజాయితీ. ఆ సంఖ్యను ఏ భిన్నముగాను పూర్తిగా వ్రాయ వీలులేదని 1761లో లాంబర్టు నిరూపించెను. అంతకు ముందే 1706లో విలియం జోన్సు దానికి గ్రీకు అక్షరమైన ‘పై’ని గుర్తుగా వాడియుండెను.

కేరళదేశమున 14వ శతాబ్దమువాడైన మాధవుడు మఱియొక త్రోవ కనుగొనెను. నాలుగులోనుండి నాలుగింట మూడవ వంతును తీసి, అయిదవ వంతును కలిపి, ఏడవ వంతును తీసి, ఇట్లే బేసిసంఖ్యలతో సాగిన కొలది ఆ విలువకు చేరువగుదుము. ఐరోపాలో లైబ్నిట్జు ఇదే సూత్రమును 17వ శతాబ్దమున గాని కనుగొనలేదు. అయినను మాధవుని పేరు లోకమునకు తెలియలేదు. ఆ విద్య తాళపత్రములలో గురుశిష్యుల నడుమనే నిలిచెను. 1834లో విష్ అను ఆంగ్ల ఉద్యోగి దానినిగూర్చి వ్యాసము ప్రకటించిన పిదపనే బయటివారు విన్నారు. విన్నవారును చాలకాలము పట్టించుకొనలేదు.

సోదర పాఠకులారా! విద్య పుట్టుట ఒక యెత్తు. అది పదిమంది చేతులలో తిరుగుట మఱియొక యెత్తు. పెట్టెలో నున్న పుస్తకము మాధవుని తాళపత్రము వంటిది. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చేయుచున్నది ఆ పెట్టెను తెఱచుటయే. తెఱచిన పుస్తకమును చదువుట మన వంతు.