జీవ లక్షణాలు

జీవులను నిర్జీవుల నుంచి వేరుచేసి చూపే ఉమ్మడి గుణాలను జీవ లక్షణాలంటారు. కణ నిర్మాణం, జీవక్రియ, పెరుగుదల, ప్రత్యుత్పత్తి, పరిసరాలకు స్పందన, లోపలి స్థితిని నిలకడగా ఉంచుకోవడం, తరాల మీదుగా పరిణామం: బడి పుస్తకాల్లో మామూలుగా కనిపించే పట్టిక ఇది. దీన్ని ఎవరూ ఒక్కసారిగా కూర్చుని రాయలేదు. జీవానికి ఎక్కడ గీత గీసినా, ఏదో ఒక రాయో విత్తనమో స్ఫటికమో దాన్ని దాటేది. దాటినప్పుడల్లా గీత జరిగింది.

నంద్యాల ప్రాంతంలో ఆ గీతను అన్నిటికంటే ముందు దాటింది రాయే. బనగానపల్లె దగ్గరి యాగంటి ఉమామహేశ్వరాలయంలో రాతి బసవన్న ఏటికేడు పెరుగుతున్నాడని జనం నమ్మకం. ఒకప్పుడు ఆయన చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లని, ఇప్పుడు మండప స్తంభాల మధ్య మనిషి దూరే సందు లేదని చెప్పుకుంటారు. కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడన్నది పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం పేరిట ఊరూరా వినిపించే మాట. రాయికి ప్రాణం ఉందని చెప్పాల్సి వచ్చినప్పుడు జనం పట్టుకున్న గుర్తులు పెరగడం, లేవడం, అరవడం. ఆళ్లగడ్డ శిల్పుల వృత్తిలో గుర్తు వేరు. అక్కడ ఉలిపనంతా ముగిశాక చివరికి మిగిలేది కళ్లు తెరవడం. చూపు వచ్చాకే, గుడిలో ప్రాణప్రతిష్ఠ జరిగాకే బొమ్మ దేవుడవుతుంది.

మన భాషలోనూ ఒక వర్గీకరణ దాగి ఉంది. ‘బండి తోలాడు’ అంటాం, ‘ఎద్దును తోలాడు’ అంటాం. ప్రాణమున్నదానికి ‘ను’ చేరకపోతే చెవికి వెలితిగా ఉంటుంది. మరి ‘చెట్టు కొట్టాడు’ అన్నప్పుడు ఏ వెలితీ తోచదు. వ్యవహారంలో తెలుగు చెట్టును బండి పక్కనే కూర్చోబెట్టిందన్నమాట. స్థావర జంగమాలన్న పాత విభజనకూ కదలికే కొలత.

పుట్టుకను బట్టి చేసిన విభజనలో అండజాలు, జరాయుజాలు, ఉద్భిజ్జాలతో పాటు స్వేదజాలూ ఉన్నాయి. నల్లులు, పేలు చెమట నుంచి పుడతాయన్నది అందులోని ఊహ. ఇలాంటి ఊహే యూరప్‌లోనూ నిలిచింది. మూత కట్టిన మాంసంలో పురుగులు పుట్టవని 1668లో రెడి చూపించాడు. సూక్ష్మజీవుల విషయంలో ఆ పని 1860ల ఆరంభానికి పాశ్చర్ ముగించాడు. జీవం జీవం నుంచే వస్తుందన్న సూత్రం అలా స్థిరపడింది.

పెరుగుదల సంగతి ఇంకా చిక్కు. అరిస్టాటిల్ మొక్కలకు పోషణ, పెరుగుదల; జంతువులకు అదనంగా ఇంద్రియ జ్ఞానం; మనిషికి ఆపైన ఆలోచన అని మెట్లు కట్టాడు. 18వ శతాబ్దంలో లినేయస్ ఇంకో మెట్టు కిందికి దిగి, రాళ్లు కూడా పెరుగుతాయనీ, పెరుగుతూ బతికేవి మొక్కలనీ, వాటికి తోడు స్పర్శ తెలిసేవి జంతువులనీ విడదీశాడు. యాగంటి నమ్మకానికి స్వీడన్ నుంచి మద్దతు దొరికినట్టే! నిజానికి రాయి పెరగడాన్ని చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల్లో సున్నం కలిసిన నీరు బొట్టుబొట్టుగా కారి, కప్పు నుంచి రాతి ఊడలు దింపింది. అయితే అవి పెరిగేది పైపైన పూత చేరడం వల్ల. జొన్న మొక్క అలా కాదు, మట్టిలోని లవణాలనూ నీటినీ గాలినీ లోపలికి తీసుకుని తన ఒళ్లుగా మార్చుకుంటుంది. అందుకే పెరుగుదలకు ‘లోపలి నుంచి’ అన్న షరతు చేరింది.

లోపల జరిగేదేమిటో 19వ శతాబ్దం విప్పి చూపడం మొదలుపెట్టింది. 1828లో వోలర్ యూరియాను ప్రయోగశాలలో తయారుచేశాక, జీవపదార్థానికి ప్రత్యేకమైన ప్రాణశక్తి కావాలన్న వాదం సడలింది. 1838-39లో ష్లైడెన్, ష్వాన్ కణ సిద్ధాంతం చెప్పారు. కణ శక్తి లెక్క తేల్చినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెల్లడించారు. జగదీశ్ చంద్ర బోస్ మాత్రం గీతనే చెరిపెయ్యబోయాడు. లోహాలూ ప్రేరణకు స్పందిస్తాయని, అలసిపోతాయని 1902 నాటి గ్రంథంలో వాదించాడు.

పట్టికకు అసలు పరీక్ష విత్తనం. కదలదు, పెరగదు, పిల్లల్ని కనదు. రాయలసీమ పల్లెల్లో జొన్నలను నేలలో తవ్విన పాతరల్లో దాచేవారు. పాతర తీయగానే మనిషి దిగేవాడు కాదు. గాలి ఆడనిచ్చి, దీపం దించి, అది ఆరకుండా ఉంటేనే దిగేవాడు. లోపల గింజలు, వాటితో ఉన్న పురుగు, బూజు ఊపిరి పీల్చి వదిలిన బొగ్గుపులుసు వాయువు అడుగున నిలిచి ఉండేది మరి. చచ్చినట్టు కనిపించే గింజ బతికే ఉందనడానికి, పురుగు, బూజు వంతు పోను, ఆ దీపం కూడా కొంత సాక్ష్యమే.

ప్రత్యుత్పత్తికీ మినహాయింపులున్నాయి. కంచరగాడిదకు సాధారణంగా పిల్లలు కలగవు. అలాగని అది నిర్జీవం కాదు. బనగానపల్లె మామిడిని టెంక నాటి పెంచితే తల్లి రుచి వస్తుందన్న భరోసా లేదు. అందుకే అంటు కడతారు. ఇక 1935లో స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. సీసాలో ఉప్పులా ఉండేది, ఆకులోకి చేరితే తన నకళ్లు పుట్టిస్తుంది. ఎటు పెట్టాలన్నది ఇప్పటికీ తెగలేదు. అందుకే నేటి పట్టిక ఏ ఒక్క గుణాన్నీ పట్టుకుని తీర్పు చెప్పదు.

తెలుగులో ఈ విషయం 20వ శతాబ్దం తొలినాళ్లలోనే అచ్చెక్కింది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్థాపకుల్లో ఒకరైన విజ్ఞాన చంద్రికా మండలి (1906) ఆచంట లక్ష్మీపతి చేత జీవశాస్త్రంపై పుస్తకం రాయించింది. తర్వాతి పుస్తకాల పరిభాష బరువెక్కింది. స్పందనను ‘క్షోభ్యత’ అన్నప్పుడు, తాకితే ముడుచుకునే అత్తిపత్తి ఆకు ఏ పిల్లవాడికి గుర్తొస్తుంది?

జీవమే రాయిగా మారిన చోటూ నంద్యాల చుట్టుపక్కలే ఉంది. నంద్యాల, కడప జిల్లాలకు విస్తరించిన కడప బేసిన్‌లో వేంపల్లె డోలమైట్ పొరల్లో స్ట్రొమటోలైట్లు కనిపిస్తాయి. 150 కోట్ల ఏళ్లకు పైగా కిందట లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల చాపలు బురదను పట్టి, పొర మీద పొర కట్టి వాటిని లేపాయి. సున్నం నీరు ఒట్టినే పేర్చినా ఇంచుమించు ఇలాంటి పొరలే వస్తాయి. ఏ పొర దేనిదో తేల్చడానికి భూశాస్త్రవేత్తలు రాతిని పలచని రేకుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు.